హీట్ పంప్ ఆగిపోయినా ఇల్లు వెచ్చగానే ఉంటుంది: లోపం వెతికే పద్ధతి, భాగాలు మార్చే పద్ధతి

అమెరికాలో నార్త్ కరోలినా, సౌత్ కరోలినా, జార్జియా లాంటి రాష్ట్రాల్లో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు చలికాలంలో తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఇల్లు వెచ్చగానే ఉంటుంది. థర్మోస్టాట్‌లో పెట్టిన 70 డిగ్రీల ఫారన్‌హీట్ పెట్టినట్టే ఉంటుంది. కరెంటు బిల్లు మాత్రం ముందు నెలకు రెట్టింపు వస్తుంది. ఈ ఏడాది చలి ఎక్కువ కదా అని సరిపెట్టుకుంటారు. చలి నిజంగానే కారణం కావచ్చు. కానీ బయటి యూనిట్ ఎప్పుడో ఆగిపోయి, ఇంటిని మొత్తం లోపలి యూనిట్‌లోని కరెంటు హీటర్లే లాక్కొస్తూ ఉండే అవకాశమూ ఉంది. అందుకే హీట్ పంప్‌లో లోపం వెతికేటప్పుడు "వేడి వస్తోందా?" అని అడగడం సరిపోదు. ఆ వేడి ఎక్కణ్ణుంచి వస్తోందో ముందు తేల్చుకోవాలి.

హీట్ పంప్ అంటే రెండు దిక్కులా పనిచేసే ఏసీ. ఎండాకాలం ఇంట్లోని వేడిని బయట పడేస్తుంది, చలికాలం బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి తెస్తుంది. ఇక్కడ కరెంటు వేడిని పుట్టించదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరవేస్తుంది. అందువల్ల బయట 47 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నప్పుడు 1000 వాట్ల కరెంటు తీసుకుని 3000 వాట్లకు పైగా వేడి ఇవ్వగలదు. చలి 17 డిగ్రీలకు దిగితే అది 2000 వాట్ల చుట్టుపక్కలకు తగ్గుతుంది. లోపలి యూనిట్‌లో ఉండే ఆగ్జిలరీ హీటర్ స్ట్రిప్పులకు, అంటే సాయానికి పెట్టిన కరెంటు హీటర్లకు, ఈ లాభం లేదు. 1000 వాట్లు తీసుకుంటే 1000 వాట్లే ఇస్తాయి. 10 కిలోవాట్ల స్ట్రిప్పులు గంటసేపు నడిస్తే 10 యూనిట్ల కరెంటు కాలినట్టే. 240 వోల్టుల మీద అవి దాదాపు 42 ఆంపియర్లు లాగుతాయి. బయటి యూనిట్ చలికి చాలనప్పుడు సాయపడటానికీ, డీఫ్రాస్ట్ (బయటి యూనిట్ మీది మంచును కరిగించుకోవడం) సమయంలో చల్లగాలి రాకుండా ఆపడానికీ మాత్రమే వీటిని పెడతారు. మొత్తం భారం వాటి మీద పడినా థర్మోస్టాట్‌కు తేడా తెలియదు. గది వేడెక్కితే దాని లెక్క సరిపోయినట్టే.

వేడి ఎక్కడిదో పట్టుకోవడానికి గాలి వేడి కొలవడం ఒక్కటే చాలదు. 3 టన్నుల యూనిట్ నిమిషానికి సుమారు 1200 ఘనపుటడుగుల గాలి తిప్పుతుంది. బయట 47 డిగ్రీలుంటే కంప్రెసర్ ఒక్కటే ఆ గాలిని 25 నుంచి 28 డిగ్రీలు వేడెక్కిస్తుంది. కంప్రెసర్ పూర్తిగా ఆగిపోయి 10 కిలోవాట్ల స్ట్రిప్పులు మాత్రమే నడిచినా అదే గాలి 26 డిగ్రీలు వేడెక్కుతుంది. రెండు అంకెలూ ఒకటే. తేడా బయటే తెలుస్తుంది. హీట్ మోడ్‌లో పది నిమిషాలు నడిచాక బయటి యూనిట్ దగ్గరికి వెళ్లి, నల్లటి నురుగు తొడుగున్న లావు రాగి గొట్టాన్ని పట్టుకుని చూడాలి. చేతికి బాగా వేడిగా తగలాలి, చెయ్యి ఎక్కువసేపు ఉంచలేనంతగా ఉన్నా తప్పులేదు. చల్లగా ఉంటే కంప్రెసర్ నడవడం లేదనో, లేదా నడిచినా వేడి మోయడం లేదనో అర్థం. థర్మోస్టాట్ తెర మీద ఆగ్జిలరీ హీట్ అన్న మాట రోజంతా కనిపిస్తూ ఉండటం రెండో గుర్తు. బయట 50 డిగ్రీలున్న రోజు కూడా అది వెలుగుతోందంటే ఇక ఆలస్యం చేయకూడదు.

లోపం కాని వాటిని చూసి లోపమని కంగారు పడేవాళ్లూ ఉంటారు. హీట్ పంప్ ఊదే గాలి 85 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటుంది. మన ఒంటి వేడి కంటే అది తక్కువ కాబట్టి చర్మానికి చల్లగా తోస్తుంది. 120 డిగ్రీలకు పైన వేడిగాలి కొట్టే గ్యాస్ ఫర్నేస్ ఇంటి నుంచి వచ్చినవాళ్లకు ఇది మరీ తేడాగా ఉంటుంది. అలాగే చలి ఉదయాన బయటి యూనిట్ నుంచి తెల్లటి ఆవిరి లేవడం, ఫ్యాన్ ఆగిపోయి బుస్సుమన్న చప్పుడు రావడం డీఫ్రాస్ట్ లక్షణాలు. బయటి కాయిల్ (వేడిని పీల్చే గొట్టాల చుట్ట) మీద పల్చటి మంచు పొర ఉండటం కూడా మామూలే.

మూత విప్పేముందు

ఈ యూనిట్లకు సాధారణంగా రెండు వేర్వేరు కరెంటు లైన్లు వస్తాయి. ఒకటి బయటి యూనిట్‌కు, మరొకటి స్ట్రిప్పులున్న లోపలి యూనిట్‌కు. బయటి గోడ మీద ఉన్న డిస్‌కనెక్ట్ పెట్టెలోని పుల్లర్ (కరెంటు తెంపే ప్లగ్గు) పీకినా లోపలి యూనిట్‌లో 240 వోల్టులు అలాగే ఉంటాయి. బ్రేకర్లు రెండూ దించాలి, మీటరుతో చూసి నిర్ధారించుకోవాలి. బయటి యూనిట్‌లో ఒంటి పోల్ కాంటాక్టర్ (రెండు లైన్లలో ఒక్కదాన్నే తెంపే స్విచ్) ఉంటే ఇంకో ప్రమాదం ఉంది. మోటారు ఆగి ఉన్నా ఒక లైను నేరుగా కంప్రెసర్ దాకా సజీవంగానే ఉంటుంది. యూనిట్ నడవడం లేదు కదా అని లోపల చెయ్యి పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. కెపాసిటర్‌లో కరెంటు తీసేశాక కూడా చార్జి నిలిచి ఉంటుంది. 20,000 ఓముల, 5 వాట్ల రెసిస్టర్‌ను టెర్మినళ్ల మధ్య కొన్ని సెకన్లు పట్టి, తర్వాత మీటరుతో వోల్టేజి సున్నాకు వచ్చిందని చూసుకోవాలి. ఏ వైరు పీకాలన్నా ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి.

వెతకడం చవకైన చోటు నుంచి మొదలుపెట్టాలి. కంప్రెసర్ పోయిందనీ, గ్యాస్ (రిఫ్రిజిరెంట్, అంటే గొట్టాల్లో తిరుగుతూ వేడిని మోసే ద్రవ్యం) అయిపోయిందనీ మొదటి మాటగా చెప్పే మెకానిక్‌ను తొందరపడి నమ్మకూడదు. మురికి ఫిల్టరు, పేలిన చిన్న ఫ్యూజు, నీరసించిన కెపాసిటర్, కాలిన కాంటాక్టర్, తప్పు పెట్టిన థర్మోస్టాట్ ఈ ఐదూ తేలాకే పెద్ద భాగాల మాట ఎత్తాలి.

ఫిల్టరు సంగతి ఎండాకాలంలో ఒకలా, చలికాలంలో ఇంకోలా బయటపడుతుంది. కూలింగ్‌లో గాలి తగ్గితే లోపలి కాయిల్ గడ్డకడుతుంది. హీటింగ్‌లో అదే కాయిల్ వేడిని వదిలే కాయిల్‌గా మారుతుంది కాబట్టి, గాలి తగ్గితే వేడి దిగక రిఫ్రిజిరెంట్ ఒత్తిడి పెరిగి హై ప్రెషర్ స్విచ్ యూనిట్‌ను ఆపేస్తుంది. అలా కొన్నిసార్లు ఆగాక యూనిట్‌ను నడిపే చాలా బోర్డులు లాకౌట్‌లోకి వెళ్లి దాన్ని మళ్లీ మొదలుకానివ్వవు. బ్రేకర్ దించి ఎత్తితే మళ్లీ నడుస్తుంది, రెండు రోజులకు మళ్లీ ఆగుతుంది. ఇలా ఆగి ఆగి నడిచే యూనిట్‌లో ముందు ఫిల్టరే చూడాలి. వంటగదికి దగ్గర్లో రిటర్న్ జాలీ (ఇంట్లోని గాలిని వెనక్కి లాగే జాలీ) ఉన్న ఇళ్లలో తాలింపు పొగ, నూనె ఆవిరి ఫిల్టరును త్వరగా జిడ్డెక్కిస్తాయి. మూడు నెలలకని అట్ట మీద రాసి ఉన్నా అక్కడ నెలకోసారి చూడటం మంచిది. 1 అంగుళం మందం ఫిల్టరులో మెర్వ్ (ఎంత సన్నటి దుమ్మును పట్టగలదో చెప్పే అంకె) 8 చాలు. మెర్వ్ 13 కావాలంటే 4 అంగుళాల ఫిల్టరు పట్టే పెట్టె పెట్టించుకోవాలి. లేకపోతే శుభ్రమైన గాలి కోసం గాలినే తగ్గించుకున్నట్టవుతుంది.

24 వోల్టుల కథ

థర్మోస్టాట్ నుంచి వెళ్లే సన్న వైర్లలో 24 వోల్టుల ఏసీ కరెంటు ఉంటుంది. ఆర్ అంటే కరెంటు వచ్చే వైరు, సి అంటే దాని తిరుగు దారి, వై కంప్రెసర్‌కు, జి లోపలి ఫ్యాన్‌కు, ఓ లేదా బి రివర్సింగ్ వాల్వుకు (కూలింగ్, హీటింగ్ మధ్య దారి మార్చేది), డబ్ల్యూ స్ట్రిప్పులకు. లోపలి బోర్డు మీద ఆర్, సి మధ్య మీటరు పెడితే 24 నుంచి 28 వోల్టులు చూపాలి. సున్నా చూపితే బోర్డు మీద కారులో వాడే రకం ప్లాస్టిక్ ఫ్యూజు ఉంటుంది, ఊదారంగుదైతే 3 ఆంపియర్లు, లేత గోధుమరంగుదైతే 5 ఆంపియర్లు. అది పేలిందంటే ఎక్కడో షార్టు ఉందన్నమాట. పెద్ద ఫ్యూజు వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది.

షార్టు కనిపెట్టే తేలిక దారి ఇది. బయటికి వెళ్లే వైర్లన్నీ బోర్డు దగ్గర విప్పి, కొత్త ఫ్యూజు వేసి, కరెంటు ఇచ్చి చూడాలి. ఫ్యూజు నిలిస్తే లోపం బయటి వైపుంది. గడ్డి కోసే ట్రిమ్మర్ తగిలి, లేదా ఉడత కొరికి వైరు తోలు ఊడటం తరచుగా జరిగేదే. తర్వాత వైర్లు ఒక్కొక్కటే కలుపుతూ, ఏది కలిపినప్పుడు పేలిందో చూడాలి. కూలింగ్ పెట్టినప్పుడే పేలి హీటింగ్‌లో నిలుస్తుంటే, ఓ వైరుతో నడిచే యూనిట్లలో రివర్సింగ్ వాల్వును కదిలించే కరెంటు చుట్టను, అంటే సొలినాయిడ్ కాయిల్‌ను అనుమానించాలి.

ఫ్యూజు బాగుండి కూడా 24 వోల్టులు రాకపోతే డ్రెయిన్ చూడాలి. ఎండాకాలంలో లోపలి కాయిల్ నుంచి కారే నీరు గొట్టంలో పాచి పట్టి ఆగితే ఫ్లోట్ స్విచ్ పైకి లేచి కరెంటు తెంపుతుంది. బయట గొట్టం చివర తడి చెత్త లాగే వాక్యూమ్ పెట్టి రెండు నిమిషాలు లాగితే చాలాసార్లు దారి తెరుచుకుంటుంది.

ఇక థర్మోస్టాట్. పాతది తీసి స్మార్ట్ థర్మోస్టాట్ సొంతంగా పెట్టుకునేవాళ్లు చేసే పొరపాట్లు రెండు. మొదటిది ఓ, బి ఎంపిక. ఎక్కువ కంపెనీల యూనిట్లలో కూలింగ్ కావాలన్నప్పుడు వాల్వుకు కరెంటు వెళ్తుంది, అది ఓ. రీమ్, రూడ్ యూనిట్లలో హీటింగ్‌కు వెళ్తుంది, అది బి. ఇది తిరగబడితే హీట్ పెడితే చల్లగాలి వస్తుంది కాబట్టి వెంటనే తెలుస్తుంది. రెండోది అంత తేలిగ్గా దొరకదు. సెటప్‌లో హీట్ పంప్ అని కాకుండా మామూలు ఫర్నేస్ అని ఎంచుకుంటే, హీట్ పెట్టినప్పుడల్లా థర్మోస్టాట్ డబ్ల్యూ వైరుకు మాత్రమే కరెంటు ఇస్తుంది. స్ట్రిప్పులు నడుస్తాయి, కంప్రెసర్ అసలు కదలదు, ఇల్లు హాయిగా ఉంటుంది. ఏ భాగమూ చెడని యూనిట్ చలికాలమంతా రెండు మూడింతల ఖర్చుతో నడుస్తుంది.

కెపాసిటర్, కాంటాక్టర్, ఫ్యాన్ మోటారు

మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్ నెమ్మదించగానే 2.5 మైక్రోఫారడ్ల కెపాసిటర్ మార్చడం ఎలక్ట్రీషియన్ చేసే మొదటి పని. బయటి యూనిట్‌లోనూ అదే సూత్రం. ఇక్కడుండే డ్యూయల్ రన్ కెపాసిటర్‌లో ఒకే డబ్బాలో రెండు ఉంటాయి. 45+5 అని రాసి ఉంటే 45 మైక్రోఫారడ్లు కంప్రెసర్‌కు, 5 ఫ్యాన్‌కు. పైన మూడు టెర్మినళ్ల మీద సి (రెండింటికీ ఉమ్మడి), హెర్మ్ (కంప్రెసర్), ఫ్యాన్ అని గుర్తులుంటాయి. కంప్రెసర్ మూలిగి కొన్ని సెకన్లకు టక్కుమని ఆగిపోతోందంటే హెర్మ్ వైపు, ఫ్యాన్‌ను కర్రతో తోస్తేగానీ తిరగడం లేదంటే ఫ్యాన్ వైపు పోయినట్టు. డబ్బా పైభాగం ఉబ్బితే కొలవక్కర్లేదు, మార్చాల్సిందే. ఉబ్బకపోయినా కొలవాలి. వైర్లు విప్పి మీటరులో మైక్రోఫారడ్ల స్థానంలో పెడితే రాసి ఉన్న విలువకు 6 శాతం లోపు తేడా ఉండాలి, డబ్బా మీద 5 శాతమని ఉంటే 5. అంటే 45కు 42 కంటే తక్కువ చూపితే దాని పని అయిపోయినట్టే.

కొత్తది కొనేటప్పుడు మైక్రోఫారడ్లు కచ్చితంగా అవే ఉండాలి. వోల్టేజి మాత్రం 370 ఉన్న చోట 440 వేయొచ్చు, 440 ఉన్న చోట 370 వేయకూడదు. ఎక్కువ మైక్రోఫారడ్లు వేస్తే మోటారు బలంగా తిరుగుతుందన్న మాట అబద్ధం, వైండింగ్ కాలుతుంది. పాత దాని నుంచి ఒక్కొక్క వైరే తీసి కొత్తదానికి పెట్టుకుంటూ పోతే గుర్తులు తప్పవు. కెపాసిటర్‌ను పట్టీతో గట్టిగా బిగించాలి.

కాంటాక్టర్ అంటే 24 వోల్టులతో లాగి 240 వోల్టులను కలిపే స్విచ్. పాయింట్ల మధ్య చీమలు దూరి నలిగి కరెంటు అందకపోవడం దక్షిణాది రాష్ట్రాల్లో బాగా తెలిసిన గొడవ. పాయింట్లు నల్లగా గుంటలు పడితే వోల్టేజి పడిపోతుంది. యూనిట్ నడుస్తుండగా ఒకే పోల్ పై చివర, కింది చివర మధ్య కొలిస్తే దాదాపు సున్నా రావాలి. కొన్ని వోల్టులు చూపితే మార్చాలి. ఆకురాయితో రుద్ది వాడటం మంచిది కాదు, పైపూత పోయి ఇంకా త్వరగా అతుక్కుంటుంది. అతుక్కున్న కాంటాక్టర్ వల్ల థర్మోస్టాట్ ఆపేసినా బయటి యూనిట్ నడుస్తూనే ఉంటుంది. కొత్తదానికి కాయిల్ 24 వోల్టులు, పోల్స్ సంఖ్య, ఆంపియర్లు మూడూ చూడాలి. 30 ఉన్న చోట 40 ఆంపియర్లది పెట్టినా ఫరవాలేదు.

ఫ్యాన్ మోటారు మార్చేటప్పుడు హార్స్‌పవర్ కంటే ఆర్‌పీఎం ముఖ్యం. 825 ఉన్న చోట 1075 వేస్తే అదే రెక్క మీద భారం పెరిగి మోటారు మాడుతుంది. తిరిగే దిక్కు, ఇరుసు మందం, వోల్టేజి, ఆంపియర్లు సరిపోవాలి. రెక్క ఏ లోతులో ఉందో విప్పకముందే కొలిచి రాసుకోవాలి, అంగుళం తేడా వచ్చినా గాలి తగ్గుతుంది. మోటారుతో పాటు కెపాసిటర్ కొత్తది వేయాలి. లోపలి బ్లోయర్ ఈసీఎం రకమైతే (మోటారుకే ఎలక్ట్రానిక్ బోర్డు ఉండేది) కరెంటు తీశాక 5 నిమిషాలు ఆగి ప్లగ్గులు పీకాలి.

మంచు గడ్డ కట్టినప్పుడు

పల్చటి మంచు మామూలే అయినా, యూనిట్ మొత్తం తెల్లటి గడ్డలా మారిందంటే డీఫ్రాస్ట్ జరగడం లేదన్నమాట. కాయిల్ 30 డిగ్రీల ప్రాంతానికి దిగినప్పుడు సెన్సర్ బోర్డుకు తెలుపుతుంది. బోర్డు మీద పెట్టిన పిన్నును బట్టి 30, 60 లేదా 90 నిమిషాలకోసారి యూనిట్ కాసేపు కూలింగ్‌లోకి మారి వేడి రిఫ్రిజిరెంట్‌ను బయటి కాయిల్‌కు పంపుతుంది. ఆ సమయంలో బయటి ఫ్యాన్ ఆగుతుంది, లోపల స్ట్రిప్పులు వెలుగుతాయి, సాధారణంగా పది నిమిషాలు దాటదు. సెన్సర్ గొట్టం మీది క్లిప్పు నుంచి జారిపోవడం, దాని వైరు తెగడం, బోర్డు మీది రిలే పోవడం సాధారణ కారణాలు. చాలా బోర్డుల్లో టెస్ట్ అని రాసిన రెండు పిన్నులను కలిపితే డీఫ్రాస్ట్ వెంటనే మొదలవుతుంది. మొదలై, మంచు కరిగి, ముగిసిందంటే బోర్డు, వాల్వు బాగున్నట్టు, సెన్సర్‌ను చూడాలి. అసలు మొదలు కాకపోతే, సెన్సర్ స్విచ్ రకమైనప్పుడు దాని రెండు వైర్లను తాత్కాలికంగా కలిపి మళ్లీ టెస్ట్ చేస్తే తప్పు సెన్సర్‌దో బోర్డుదో తేలిపోతుంది.

అన్నీ బాగున్నా గడ్డ కింది భాగంలోనే కడుతుంటే యూనిట్ పెట్టిన తీరు చూడాలి. కరిగిన నీరు పోయే దారి లేక నేల మీదే ఉంటే అదే మళ్లీ గడ్డకడుతుంది. కింద కాళ్లు పెట్టి కొన్ని అంగుళాలు ఎత్తాలి. పైనుంచి చూరు నీరు యూనిట్ మీద పడకుండా చూసుకోవాలి. గడ్డను సుత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో కొట్టకూడదు, కాయిల్ చిల్లు పడుతుంది. యూనిట్ ఆపి మామూలు నీళ్లు పోస్తే చాలు.

రివర్సింగ్ వాల్వు దగ్గర రెండు భాగాలను వేరుగా చూడాలి. వాల్వు మీద కూర్చున్న సొలినాయిడ్ కాయిల్ కేవలం విద్యుత్ భాగం. ఒక్క మరతో ఊడుతుంది, కొత్తది తొడిగితే పని అయిపోతుంది. దాన్ని వాల్వు మీద నుంచి తీసి ఉన్నప్పుడు కరెంటు ఇస్తే మాడిపోతుంది. వాల్వు లోపలి స్లైడు మధ్యలో ఇరుక్కోవడమో, వేడి రిఫ్రిజిరెంట్ పక్కదారిన చల్లటి వైపుకు కారడమో అయితే సమస్య పెద్దది. బయటి కాయిల్ నుంచి వాల్వుకు వచ్చే గొట్టానికీ, వాల్వు నుంచి అక్యుములేటర్‌కు (కంప్రెసర్ ముందుండే డబ్బా) వెళ్లే గొట్టానికీ హీటింగ్‌లో 3 నుంచి 5 డిగ్రీల కంటే ఎక్కువ తేడా ఉంటే లోపల కారుతున్నట్టు లెక్క. ఈ లక్షణం నీరసించిన కంప్రెసర్‌ లాగే కనిపిస్తుంది. ఈ కొలత తీయకుండా కంప్రెసర్ మార్చితే పెద్ద ఖర్చు దండగవుతుంది. వాల్వు మార్చాలంటే రిఫ్రిజిరెంట్ మొత్తం తీసి, నైట్రోజన్ పారిస్తూ, వాల్వుకు తడిగుడ్డ చుట్టి బ్రేజింగ్ చేయాలి, అంటే మంటతో అతకాలి. లోపలి ప్లాస్టిక్ భాగాలు వేడికి కరుగుతాయి కాబట్టి ఇది నేర్పరి చేతి పని.

రిఫ్రిజిరెంట్, కంప్రెసర్

రిఫ్రిజిరెంట్ పెట్రోలులా వాడితే తగ్గేది కాదు. తగ్గిందంటే లీకు ఉంది. ఏటా రెండు పౌండ్లు నింపి పోయే మెకానిక్ మరమ్మతు చేస్తున్నట్టు కాదు. అమెరికాలో రిఫ్రిజిరెంట్ గొట్టాలు తెరవడానికి ఈపీఏ (పర్యావరణ పరిరక్షణ సంస్థ) సెక్షన్ 608 ధృవీకరణ ఉండాలి, గాలిలోకి వదలడం నేరం. చలికాలంలో గేజీలతో కొలిచి నింపడం నమ్మదగ్గది కాదు. ఉన్నదంతా తీసి, వాక్యూమ్ చేసి, నేమ్‌ప్లేటు మీద రాసిన బరువు, గొట్టం పొడవుకు చేర్చాల్సిన బరువు కలిపి తూకం వేసి నింపాలి. హీటింగ్‌లో లావు గొట్టం పోర్టులో ఉండేది డిశ్చార్జి ఒత్తిడి, అంటే కంప్రెసర్ నుంచి వచ్చే ఎక్కువ ఒత్తిడి. ఏసీ అలవాటుతో అక్కడ లో సైడ్ (తక్కువ ఒత్తిడి) గేజీ పెట్టే మెకానిక్‌కు హీట్ పంప్ తెలియదని అర్థం చేసుకోవచ్చు.

కంప్రెసర్ పోయిందని నిర్ధారించడానికి ఓముల కొలత కావాలి. కరెంటు తీసి వైర్లు విప్పాక దాని మూడు టెర్మినళ్లలో కామన్ నుంచి రన్, కామన్ నుంచి స్టార్ట్ కొలతలు కలిపితే రన్ నుంచి స్టార్ట్ కొలతకు సమానం కావాలి. ఏ టెర్మినల్ నుంచైనా రాగి గొట్టానికి మీటరు అసలు కదలకూడదు. కామన్ నుంచి రెండింటికీ తెగినట్టు చూపి, రన్ నుంచి స్టార్ట్‌కు సరిగ్గా ఉంటే అది లోపలి ఓవర్‌లోడ్ తెరుచుకోవడం కావచ్చు. వేడెక్కిన కంప్రెసర్‌లో అది మళ్లీ కలవడానికి గంటలు పడుతుంది. పూర్తిగా చల్లారాక మళ్లీ కొలవకుండా తీర్పు చెప్పకూడదు. నిజంగా పోతే, కొన్న కొత్తలో కంపెనీ దగ్గర నమోదు చేసి ఉంటే చాలా బ్రాండ్లు భాగాలకు 10 ఏళ్ల వారంటీ ఇస్తాయి, కూలి మాత్రం సొంతం.

పాత యూనిట్‌ను నిలబెట్టాలా, మొత్తం మార్చాలా అన్నది ఇప్పుడు రిఫ్రిజిరెంట్‌ను బట్టి కూడా ఉంటుంది. పాత రిఫ్రిజిరెంట్ ఆర్-22 ఉత్పత్తి, దిగుమతి 2020 జనవరి 1తో అమెరికాలో ఆగిపోయాయి. ఆర్-22 యూనిట్‌లో కంప్రెసర్ మార్చడానికి డబ్బు పెట్టడం దండగ. ఇళ్లకు వాడే కొత్త ఆర్-410ఏ యూనిట్ల తయారీ కూడా 2025 జనవరి 1 నుంచి ఆగింది. కానీ మరమ్మతులకు ఆర్-410ఏ దొరుకుతుంది. ఆ యూనిట్లను కెపాసిటర్, బోర్డు, మోటారు మార్చుకుంటూ నిక్షేపంగా వాడుకోవచ్చు. కొత్తగా వస్తున్న ఆర్-454బి, ఆర్-32 కొద్దిగా మండే స్వభావం ఉన్నవి. వాటిని పాత ఆర్-410ఏ యూనిట్‌లో నింపకూడదు, బయటి యూనిట్ ఒక్కటే మార్చి లోపల పాత కాయిల్ ఉంచకూడదు. ఈ కొత్త యూనిట్లలో చాలావాటికి లోపలి కాయిల్ దగ్గర లీకు సెన్సర్ ఉంటుంది. అది లీకు గుర్తించినా, అదే చెడిపోయినా కంప్రెసర్‌ను ఆపి లోపలి ఫ్యాన్‌ను ఆగకుండా నడుపుతుంది. థర్మోస్టాట్ ఆపినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటే థర్మోస్టాట్‌ను విప్పే ముందు లోపలి బోర్డు మీది చిన్న దీపం ఎన్నిసార్లు మిణుకుతోందో లెక్కపెట్టి, మూత లోపలివైపు అతికించిన పట్టికలో ఆ సంఖ్య దేనికో చూడాలి.